ముప్పయ్యారు పేర్లు

సెలీనా టైపు చేసిన అంకెలో తప్పు దొరకదన్న సంగతి ఆ సైటు ఆఫీసులో అందరికన్నా ముందు సెలీనాకే తెలుసు. ఆ గర్వాన్ని ఆమె దాచుకునేది కూడా కాదు. పొద్దున్నే వచ్చి మానిటరు మీది ప్లాస్టిక్ ముసుగు తీసి, దుమ్ము దులిపి, మౌసును బోర్లించి, లోపలి బంతిని బయటికి తీసి చున్నీ అంచుతో తుడిచి, మళ్ళీ దాని చోట పెట్టిన తర్వాతే కుర్చీలో కూర్చునేది. అది రేకుల షెడ్డు. చుట్టూ మాదాపూర్ రాళ్ళు. రాళ్ళను పేల్చే ముందు విజిల్ వేస్తారు. విజిల్ వినబడగానే సెలీనా వేళ్ళు వాటంతటవే ఫైలును సేవ్ చేసేస్తాయి. ఆ తర్వాత టేబుల్ అదిరినా, కరెంటు పోయినా ఆమెకు ఫికర్ లేదు.

అలాంటి సెలీనాను పట్టుకుని, తొంభై తొమ్మిదో సంవత్సరం ఫిబ్రవరి ఇరవై రెండు, సోమవారం నాడు, ప్రాజెక్టు మేనేజరు రామ్మోహనరావు, "ఈ లెక్కలు ఎవరు కొట్టారమ్మా?" అని అడిగాడు.

"నేనే సార్."

"అన్నీ నువ్వేనా?"

"అన్నీ నేనే సార్. హాజరు, ట్రాక్టరు ట్రిప్పులు, రాళ్ళు పేల్చే మందు, ట్యాంకరు నీళ్ళు. రేట్లు మాత్రం రంగనాథ్ సార్ పెట్టిన్రు."

రామ్మోహనరావు ప్రింటరులోంచి వచ్చిన పొడుగాటి కాగితాన్ని టేబుల్ మీద పరిచాడు. అంచుల్లో చిల్లులున్న ఆ కాగితం టేబుల్ దాటి కిందికి వేలాడుతోంది. కడుతున్నది అయిదంతస్తుల సాఫ్ట్‌వేరు ఆఫీసు. ముందు రెండు సెల్లార్లకు గుంత తవ్వాలి. ఆ తవ్వకానికి ఈ నాటికి లక్షా నలభై వేలు ఖర్చు కావాలని బడ్జెటు. కంప్యూటరు రెండు లక్షల పద్దెనిమిది వేలు చూపిస్తోంది.

"హెడాఫీసులో అందరితోనూ పోట్లాడి ఈ సాఫ్ట్‌వేరు కొనిపించింది నేను," అన్నాడాయన. "ఈ నెల నుంచి బిల్లులన్నీ దీని ప్రకారమేనని గొప్పగా చెప్పి వచ్చాను. మొదటి నెలలోనే డెబ్బై ఎనిమిది వేలు తేడా అంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోనండీ?" చివరి మాట పక్కనే నిలబడ్డ రంగనాథ్‌ను ఉద్దేశించి అన్నాడు.

రంగనాథ్ ప్లానింగ్ ఇంజనీరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. రేట్ల పట్టికకు పాస్‌వర్డు పెట్టి, ఆ పాస్‌వర్డును తన దగ్గరే ఉంచుకున్నాడు. మనుషుల సంఖ్య కొట్టేవాళ్ళకు రేటు కనబడకూడదు, రేటు పెట్టేవాడికి హాజరుతో పని ఉండకూడదు, అప్పుడే మోసానికి తావుండదని అతని సిద్ధాంతం. అందరూ భేష్ అన్నారు.

"సాఫ్ట్‌వేర్ తప్పు చేయదు సార్," అన్నాడు రంగనాథ్. "నా రేట్లు రెండుసార్లు చెక్ చేసుకున్నా. పుల్లయ్య లేని మనుషుల్ని హాజరులో ఎక్కిస్తున్నాడు. ఈ అమ్మాయి వాడు చెప్పింది చెప్పినట్టు కొడుతోంది." ఒక్క క్షణం ఆగి, "తెలిసే కొడుతోందేమో కూడా, మనకేం తెలుసు," అన్నాడు.

సెలీనాకు చెవులు వేడెక్కాయి. ఉద్యోగంలో చేరి అయిదు నెలలైంది. ఆలస్యంగా వచ్చిందన్న మాట కూడా ఎవరి చేతా అనిపించుకోలేదు. దొంగ అన్న మాటను ఇస్త్రీ చొక్కా నలగకుండా ఇంత తేలిగ్గా అనేయవచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

"తేడా ఎక్కడుందో తేలేదాకా పుల్లయ్యకు ఖర్చీ ఆపండి," అన్నాడు రామ్మోహనరావు.

పుల్లయ్య గుంపు మేస్త్రీ. పాలమూరు నుంచి కూలీలను తెచ్చి గుంత పక్కనే గుడిసెలు వేయించాడు. కూలి లెక్క నెలాఖరునే. మధ్యలో బియ్యానికీ కూరకూ సోమవారం సోమవారం ఇచ్చేదే ఖర్చీ. అది ఆగిందని తెలిసి మధ్యాహ్నానికి అతను షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి, తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది మేడం గిది? గుడిసెలల్ల నూకలు గూడ లెవ్వు. కంప్యూటర్ల ఏమన్న తప్పొస్తే మా కడుపులు కాల్చుకోవాల్నా?"

"నా దగ్గర తప్పు లేదు మేస్త్రీ," అంది సెలీనా.

"మరి నా దగ్గరున్నదా?"

రేపటికల్లా చూస్తానని చెప్పింది గానీ, ఏం చూడాలో ఆమెకూ తెలియదు.

*

మంగళవారం పొద్దున ఆమె తవ్వకం ఖర్చును ముక్కలు ముక్కలుగా విడదీసింది. ట్రాక్టరు కిరాయి చీటీలన్నీ తెచ్చి తేదీల వరుసలో పేర్చి, ఒక్కొక్కటీ స్క్రీను మీది అంకెతో పోల్చింది. సరిపోయింది. రాళ్ళ మందు బిల్లులు సరిపోయాయి. ట్యాంకరు డ్రైవరు సంతకాలున్న పుస్తకంలోని ట్రిప్పులు సరిపోయాయి. ఇక మిగిలింది కూలీలు. స్క్రీను మీద రోజుకు డెబ్బై రెండు మంది, పద్దెనిమిది రోజులు.

ఆ సంఖ్య ఆమె షెడ్డులో కూర్చుని కొట్టింది కాదు. రోజూ ఎనిమిది గంటలకు గుంత అంచున నిలబడి తలలు లెక్కపెట్టి వచ్చేది. కింద మగవాళ్ళు గడ్డపారలతో పొడుస్తుంటారు, సమ్మెటలతో రాయి పగలగొడుతుంటారు. ఆడవాళ్ళు తలమీద చుట్టకుదురు పెట్టుకుని, తట్ట ఎత్తుకుని, ర్యాంపు మీదుగా పైకి వచ్చి ట్రాక్టరులో పోసి మళ్ళీ దిగుతుంటారు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు కలగలిసిపోకుండా లెక్కపెట్టడానికి ఆమెకొక కిటుకు ఉంది. ముందు తట్టలు లెక్కపెడుతుంది, తర్వాత గడ్డపారలు, సమ్మెటలు.

ఆమె నేరుగా రామ్మోహనరావు దగ్గరికి వెళ్ళింది.

"సార్, నా మాట వద్దు. మేస్త్రీ మాట వద్దు. రంగనాథ్ సార్‌నే పోయి లెక్కపెట్టి రమ్మనండి."

రామ్మోహనరావు కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశాడు. ఆయనకు కోపం ఎక్కువే గానీ న్యాయం తెలిసినవాడు. "వెళ్ళిరండి రంగనాథ్," అన్నాడు.

రంగనాథ్ మెరుస్తున్న బూట్లతో ర్యాంపు దిగాడు. అరగంట తర్వాత మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో పైకి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రెండుసార్లు లెక్కపెట్టాడట.

"డెబ్బై రెండు," అన్నాడు ఎటో చూస్తూ.

లేని మనుషులెవరూ లేరని తేలింది. నిన్న అన్న మాటను అతను వెనక్కి తీసుకుంటాడేమోనని సెలీనా కాసేపు ఎదురుచూసింది. అతను బూట్లు దులుపుకుని, "అయితే సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉంది," అన్నాడు. నిన్నటిదాకా తప్పే చేయని సాఫ్ట్‌వేరు ఒక్క పూటలో దోషి అయింది. అమ్మిన కంపెనీకి ఫోను చేస్తే, తీసేసి మళ్ళీ ఎక్కించమన్నారు. ఒకదాని తర్వాత ఒకటి పదకొండు ఫ్లాపీలు పెట్టి తీసి, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి, సాయంత్రానికి పని ముగిసింది. ఫైలు తెరిస్తే అవే రెండు లక్షల పద్దెనిమిది వేలు.

తన సంఖ్య సరైనదే. అతని రేటూ సరైనదేనంటున్నాడు. రెండూ సరైనవైతే గుణకారం ఎలా తప్పుతుంది? కొత్తగూడ చౌరస్తా నుంచి సెవెన్ సీటరు ఆటోలో తొమ్మిదిమంది మధ్య ఇరుక్కుని చందానగర్ చేరేదాకా సెలీనా అదే ఆలోచించింది.

*

పెద్ద ఫైలులో వెతికితే దొరకదని బుధవారం పొద్దున ఆమెకు తోచింది. వంద పనులు, ఒక్కో పనికి ఎన్ని రోజులో చూపే వంద గీతలు. అందుకని ఖాళీ ఫైలొకటి తెరిచింది. అందులో ఒకే పని పెట్టింది, తవ్వకం. ఒకే రోజు. ఒకే మనిషి. రేటు ఆమెకు కనబడదు గానీ, ఆ పట్టికలోని కూలీనే ఈ పనికి తగిలించవచ్చు. తగిలించి ఎంటరు కొట్టింది. ఇసుక గడియారం బొమ్మ కాసేపు తిరిగి, ఖర్చు గడిలో నూట ఇరవై అని వచ్చింది.

ఒక మనిషి, ఒక రోజు, నూట ఇరవై. ఇది ఒప్పో తప్పో సెలీనాకు తెలియదు. మట్టిపనికి కూలి ఎంతో ఆమె ఎన్నడూ అడగలేదు. మూడు వారాలుగా రోజూ లెక్కపెడుతున్న మనుషులకు ఏమిస్తారో తనకు తెలియదని గుర్తించి కొంచెం సిగ్గుపడింది.

మధ్యాహ్నం విజిల్ వేయగానే అందరూ పైకి వచ్చి, పేలుడు అయిపోయి, తిండికి కూర్చున్నాక, ఆమె గుంత పక్కనున్న పెద్ద బండ నీడకు వెళ్ళింది. కొమురమ్మ అక్కడ జొన్నరొట్టెను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను మళ్ళీ గుడ్డలో చుట్టి పెడుతోంది. నలభై ఏళ్ళు ఉంటాయి. అందరికన్నా ముందు ర్యాంపు ఎక్కే మనిషి కాబట్టి సెలీనా లెక్క ఎప్పుడూ ఆమెతోనే మొదలయ్యేది.

"కొమురమ్మా, నీకు రోజుకు కూలి ఎంత?"

"నాకేడిదమ్మా కూలి?"

"అదేంది, పని చేస్తలేవా?"

"చేస్తున్న. పైసలు నాకియ్యరు, జోడీకిస్తరు. నేను, మా ఆయన ఆశన్న, ఇద్దరికి గలిపి నూటిరవై. రాసేది ఆయన పేరే, పెట్టేది ఆయన చేతుల్నే."

సెలీనా గొంతుక్కూర్చుంది. "ఇద్దరికి కలిపి?"

"ఆ. మా దిక్కు అందరికి గంతే. ముప్పయ్యారు జోడీలు, ముప్పయ్యారు పేర్లు."

"మరి విడిగ నీకెంత?"

"ఇడిగనా?" కొమురమ్మ పక్కనున్న ఆడవాళ్ళ వైపు చూసి నవ్వింది. "గది ఎవ్వలు లెక్కజెయ్యలే బిడ్డా. జోడీల ఏది మొగోనిది, ఏది ఆడిదానిదని ఎట్ల జెప్తరు?"

సెలీనాకు అక్కడే గట్టిగా కేక వేయాలనిపించింది. పని మొదలైన రోజు పుల్లయ్య ముప్పయ్యారు జోడీలు అన్నాడు. జోడీ అంటే ఇద్దరు కదా, తలలు లెక్కపెట్టినా అంతే వస్తున్నాయని తను డెబ్బై రెండు కొట్టింది. రంగనాథ్ ఒప్పందం కాగితం చూసి కూలీకి నూట ఇరవై అని పెట్టాడు. కాగితంలో ఉన్నది జోడీ రేటు. అతనికి తలలు కనబడవు, తనకు రేటు కనబడదు. మధ్యలో కంప్యూటరు ప్రతి ఆడమనిషికీ ఒక జోడీ కూలిని పొల్లుపోకుండా కట్టిపెట్టింది.

దొంగ లేడు. బగ్గూ లేదు. మూడు రోజులుగా గుండె మీదున్న బరువు దిగినట్టయి, చెప్పుల్లో కంకర గుచ్చుకుంటున్నా పట్టించుకోకుండా షెడ్డు దాకా పరుగులాంటి నడకతో వచ్చింది.

రామ్మోహనరావు హెడాఫీసుకు వెళ్ళాడు. ఉన్నది రంగనాథ్ ఒక్కడే. అతను అంతా విని, కుర్చీలో వెనక్కి వాలి, మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"చూశావా, ఎంట్రీ తప్పే. ముప్పయ్యారు కొట్టాల్సిన చోట డెబ్బై రెండు కొట్టావ్."

"తప్పెట్లయితది సార్? మీరే లెక్కపెట్టి వచ్చిన్రు గదా డెబ్బై రెండని."

"తలలు వేరు, యూనిట్లు వేరు. వాళ్ళ లెక్కలో యూనిట్ అంటే జోడీ." అతను కాగితం తీసి నాలుగు లైన్లు రాశాడు. కూలీల సంఖ్యను పొరపాటున రెట్టింపుగా నమోదు చేశాననీ, సరిదిద్దుతున్నాననీ దాని సారాంశం. "రేపు సార్ వచ్చేలోపు సంతకం పెట్టి నా టేబుల్ మీద పెట్టు. చిన్న విషయం, ఇక్కడితో అయిపోతుంది. వచ్చే నెలలో నీ కాంట్రాక్ట్ రిన్యూవల్ కూడా ఉంది కదా, ఎందుకొచ్చిన గొడవ."

ఆ కాగితాన్ని సెలీనా మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఇంట్లో తల్లి దీనమ్మ రేపటి డ్యూటీకి తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటోంది. సర్కారు దవాఖానలో నర్సు. కూతురు చెప్పిందంతా ఇస్త్రీ పెట్టె ఆపకుండానే విని, కాగితం తీసుకుని చదివింది.

"నువ్వెంతమందిని లెక్కపెట్టినవ్?"

"డెబ్బై రెండు."

"అక్కడ ఎంతమంది ఉన్నరు?"

"డెబ్బై రెండు మమ్మీ."

"మరి సంతకం దేనికి?"

"పెట్టకపోతే ఉద్యోగం పోతదేమో."

"పోతే పోనీ, కిరాయికి నా జీతం సాలుతది. జర ఇరుకైతది, అంతే," అని దీనమ్మ కాగితాన్ని తిరిగి ఇచ్చేసి, చీర మడతను ఇంకో వైపుకు తిప్పింది.

*

గురువారం రామ్మోహనరావు తొమ్మిదింటికే వచ్చాడు. రంగనాథ్ జోడీ సంగతంతా తనే కనిపెట్టినట్టు చెప్పాడు. సెలీనా అడ్డుపడలేదు. ఎవరు కనిపెట్టారన్నది ఆమెకు ముఖ్యం కాదు.

"అమ్మయ్య," అన్నాడు రామ్మోహనరావు. "అంటే డబ్బు ఎక్కడికీ పోలేదన్నమాట. సరే, ఆ సంఖ్య మార్చెయ్యమ్మా. పుల్లయ్యకు ఖర్చీ ఇప్పించేస్తాను."

"మార్చను సార్," అంది సెలీనా.

ఆమె బ్యాగులోంచి కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది.

"నేను తప్పు కొట్టిన్నని సంతకం పెట్టమన్నరు సార్. నేను తప్పు కొట్టలేదు. రేటు తప్పున్నది. జోడీ రేటును మనిషి రేటు కింద పెట్టిన్రు. రేటు మార్చండి."

"రేటు హెడాఫీస్ అప్రూవ్ చేసింది సార్," అన్నాడు రంగనాథ్. "మార్చాలంటే మళ్ళీ లెటర్, మళ్ళీ సాంక్షన్. సంఖ్య మార్చడం రెండు నిమిషాల పని. ఎటు మార్చినా టోటల్ ఒకటే కదా."

"టోటల్ ఒకటేనమ్మా," అన్నాడు రామ్మోహనరావు నచ్చజెప్పే ధోరణిలో. "ఖర్చు సరిగా వస్తే చాలదూ?"

"వాళ్ళు గుంతల ఉన్నరు సార్. ఉన్నోళ్ళను లేరని ఎట్ల కొట్టాలె?"

"ఇది జనాభా లెక్క కాదు సెలీనా, కాస్ట్ ట్రాకింగ్," అన్నాడు రంగనాథ్. "లే, నేనే చేస్తా."

సెలీనా లేచి పక్కకు నిలబడింది. రిన్యూవల్ పోయిందనుకుంది. మాట పోలేదు కదా అనీ అనుకుంది. రంగనాథ్ తవ్వకం పని మీద రెండుసార్లు నొక్కి, కూలీల గడిలో డెబ్బై రెండు చెరిపి, ముప్పయ్యారు కొట్టి, ఎంటరు నొక్కాడు. ఇసుక గడియారం తిరిగింది. ఖర్చు గడిలో అంకె మారింది. బడ్జెటుకు సరిపోయింది.

"అయిపోయింది సార్," అన్నాడు రంగనాథ్ కుర్చీ వెనక్కి జరుపుతూ.

రామ్మోహనరావు కళ్ళజోడు సర్దుకుని స్క్రీను మీదికి వంగాడు. ఖర్చు చూసి తలూపాడు. అలవాటుగా ఆయన చూపు కుడివైపుకు, పని గీత మీదికి జరిగింది. ఆ గీత స్క్రీను అంచు దాటి వెళ్ళిపోయి ఉంది.

"ఇదేంటండీ?"

"ఏది సార్?"

"తవ్వకం మార్చి ఆరుకు అయిపోవాలి కదా. ఏప్రిల్ పది అంటోందేంటి?"

రంగనాథ్ ముందుకు వంగాడు. గడులు ఒకటొకటిగా తెరిచి చూశాడు. ఖర్చు గడిని తాకలేదు, తేదీ గడిని అసలే తాకలేదు. "రీకాలిక్యులేషన్‌లో ఏదో..." అన్నాడు.

సెలీనాకు వెంటనే అర్థమైంది. తనే మొదటి రోజు కూర్చుని పెట్టిన లెక్క అది. మామూలు గొంతుతోనే చెప్పింది.

"ఏదో కాదు సార్. ఆ గుంతకు ఎంత పని పడుతదో ముందే పెట్టినం. ఒక్క మనిషైతే రెండువేల నూట అరవై రోజులు తవ్వి మొయ్యాలె. డెబ్బై రెండు మందైతే ముప్పై రోజులు. సార్ ఇప్పుడు ముప్పయ్యారు మందిని తీసేసిన్రు. మిగిలినోళ్ళకు అరవై రోజులు పడుతది."

రామ్మోహనరావు స్క్రీను మీద ఆ తేదీ నుంచి మార్చి ఆరు దాకా వేలితో కొలిచాడు. మార్చి ఆరుకు గుంత అప్పగిస్తానని కాంక్రీటు వాళ్ళకు స్వయంగా మాట ఇచ్చిన మనిషి. ఎనిమిది పునాదులు, మూడు ఆనకట్టలు తన చేతుల మీదుగా లేచాయని చెప్పుకునే మనిషి. కిటికీ రేకు ఎత్తి బయటికి చూశాడు. ర్యాంపు మీద ఆడవాళ్ళ తలలమీది తట్టలు వరుసగా పైకి వస్తున్నాయి.

"అయితే, ఈ ముప్పై రోజుల తేడా వాళ్ళదన్నమాట," అన్నాడు.

"అవును సార్."

"ముప్పై మూడేళ్ళ సర్వీసమ్మా నాది," అన్నాడాయన మెల్లగా. "లేబరంటే జోడీలనే రాసుకుంటూ వచ్చాను." తర్వాత రంగనాథ్ వైపు తిరిగి, "సంఖ్య మళ్ళీ డెబ్బై రెండు చెయ్యండి. రేటు మార్చండి. హెడాఫీసుతో నేను మాట్లాడతాను," అన్నాడు.

"ఎంత పెట్టమంటారు సార్? మామూలుగా బయట మగవాళ్ళకు డెబ్బై, ఆడవాళ్ళకు యాభై. అలా రెండు రేట్లు పెట్టాలంటే మొత్తం ఫైల్ మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. పద్దెనిమిది రోజుల ఎంట్రీ..." రంగనాథ్ ముఖం వాడిపోయింది.

"సగం చేసెయ్యండి. అరవై."

"అందరికీ అరవయ్యా?"

"మీకు ఓపికుంటే మొదటి నుంచి కట్టండి, నాకేం అభ్యంతరం లేదు."

రంగనాథ్‌కు ఓపిక లేదు. పాస్‌వర్డు కొట్టి, నూట ఇరవై చెరిపి అరవై పెట్టాడు. ఏళ్ళ తరబడి ఎవరూ అడగని సమానపు కూలి, ఒక ఇంజనీరు బద్ధకం పుణ్యమా అని ఆ గడిలోకి వచ్చి కూర్చుంది. ఖర్చు బడ్జెటుకు సరిపోయింది. గీత వెనక్కి వచ్చి మార్చి ఆరు దగ్గర ఆగింది.

రామ్మోహనరావు టేబుల్ మీది కాగితాన్ని చదివి, రంగనాథ్ చేతిలో పెట్టాడు. అతను దాన్ని జేబులో దోపుకుని, కుర్చీలోంచి లేచి, "కూర్చోండి సెలీనా గారూ," అన్నాడు. అయిదు నెలల్లో అతను ఆమెను గారూ అనడం అదే మొదలు. సెలీనా కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని ప్రింటరులో కాగితం సర్దుతున్నట్టు అటు తిరిగింది.

"ఇంకో మాటమ్మా," అన్నాడు రామ్మోహనరావు వెళ్తూ వెళ్తూ. "బిల్లు మనిషికో లైను వస్తుంది కదా ఇప్పుడు. పేర్లు కావాలి. మగవాళ్ళవి మేస్త్రీ దగ్గరున్నాయి. మిగతావి నువ్వే రాసుకురా."

*

శుక్రవారం ఎనిమిదింటికి సెలీనా లాంగ్ నోటుబుక్కు పట్టుకుని ర్యాంపు పైన నిలబడింది. ముందు రోజు సాయంత్రమే ఖర్చీ అందింది కాబట్టి ఆడవాళ్ళ ముఖాల్లో కాస్త తేటదనం ఉంది. పుల్లయ్య ముఖంలో మాత్రం లేదు.

"మొగోనికి అరవై, ఆడిదానికి అరవైనా? మా మొగోళ్ళు నన్ను బతకనిస్తరా మేడం?"

"జోడీకి నూటిరవయ్యే గద మేస్త్రీ. ఎవ్వరికి తగ్గింది?"

పుల్లయ్య వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. ఎవరికీ తగ్గలేదు. తగ్గకపోయినా ఏదో పోయినట్టుగానే ఉంది అతనికి. గొణుక్కుంటూ ట్రాక్టరు వైపు వెళ్ళిపోయాడు.

పేర్లు రాయడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి ఆమె, "సాయన్న పెండ్లాం అని రాస్కో," అంది. అలా కాదు, నీ పేరు అంటే ముసిముసిగా నవ్వి వెనక్కి నక్కింది. రెండో ఆమె తన పేరును ఎవరో వింటారన్నట్టు చెవిలో చెప్పింది. పార్వతమ్మలు ఇద్దరున్నారు. పెద్ద పార్వతమ్మ, చిన్న పార్వతమ్మ అని రాస్తే, పెద్దామె తనకు వయసెక్కువ కాదని తగువు పెట్టుకుంది. రత్నమాల అన్న పేరు చెప్పిన పిల్లను చూసి అందరూ, "అబ్బో, గింత మంచి పేరున్నదా నీకు?" అని ఆటపట్టించారు. మూడు వారాలుగా పక్క పక్క గుడిసెల్లో ఉంటున్నవాళ్ళు అప్పుడే ఒకరి పేరు ఒకరు తెలుసుకుంటున్నారు. తట్టలు కింద పెట్టి, మట్టి చేతులు కొంగుకు తుడుచుకుని, వరుసలో నిలబడ్డారు.

కొమురమ్మ తన వంతు వచ్చినప్పుడు నవ్వలేదు, నక్కలేదు. నిటారుగా నిలబడి చెప్పింది.

"కొమురమ్మ. ఎనిమిదేండ్ల సంది మట్టి మోస్తున్న. గది గూడ రాస్తవా?"

"అది రాసే గడి లేదు కొమురమ్మా."

"ఉంటే రాద్దువు తియ్యి," అంది కొమురమ్మ పెద్దమనసుతో.

మధ్యాహ్నానికల్లా ముప్పయ్యారు పేర్లు కంప్యూటరులోకి ఎక్కాయి. ఒక్కో పేరు కొట్టి, దాని మనిషి ముఖం గుర్తు తెచ్చుకుని, తర్వాతి పేరుకు వెళ్ళింది సెలీనా. అంత నెమ్మదిగా ఆమె ఎన్నడూ టైపు చేయలేదు.

శనివారం పొద్దున ఎనిమిది దాటాక బయట గొడవ వినబడింది. సెలీనా తలెత్తేసరికి షెడ్డు గుమ్మంలో కొమురమ్మ ఉంది. లోపలికి రాలేదు. చంకలో తట్ట, చేతిలో చుట్టకుదురు. ఆమె వెనకాలే పుల్లయ్య రొప్పుతూ వచ్చాడు.

"మా ఆయనకు జరమొచ్చింది," అంది కొమురమ్మ. "లేస్తలేడు. నేనొచ్చిన."

"మేడం, గిది ఎన్నడు లేదు," అన్నాడు పుల్లయ్య. "జోడీల ఒక్కలు రాకుంటే ఇద్దరికీ హాజరు బందు. ఎక్కడైన గదే పద్ధతి. ఇంటికి పొమ్మంటే పోతలేదు."

సెలీనాకు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. మగవాడికి జ్వరం వస్తే ఆడమనిషి కూలి పోతుంది. ఆడమనిషి నడుము పట్టేస్తే మగవాడి కూలి పోతుంది. అందుకేనన్నమాట, జ్వరాలతోనే గుంతలోకి దిగుతారు. ఇరవై మూడు రోజులుగా అంకె కదలకుండా ఉంటే తన లెక్క బాగుందని మురిసిపోయింది గానీ, అన్ని రోజులు ఒక్కరికైనా జబ్బు చేయకుండా ఎలా ఉందని తను ఎన్నడూ అడగలేదు.

"ఆశన్న లేకుండ ఒక్కదానివి ఏం చేస్తవ్?" అని అడిగింది.

"తవ్వేటోడు ఎవ్వడైతేంది, మట్టి మట్టే గద. చిన్న పార్వతమ్మ మొగడు తవ్వుతున్నడు. ఆమెతోని నేను గూడ మోస్త." కొమురమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నిన్న నా పేరు రాస్కున్నవ్ గద? నేనొచ్చిన. రాయి."

పక్క టేబుల్ దగ్గర రామ్మోహనరావు టీ గ్లాసు పెదవుల దగ్గర ఆపి చూస్తున్నాడు. సెలీనా ఆయన వైపు తిరిగి అడగలేదు. హాజరు కొట్టేది తను. ఆ రోజు పట్టీ తెరిచి, ఆశన్న పేరు ఎదురుగా సున్నా పెట్టింది. కింది లైనులో కొమురమ్మ పేరు ఎదురుగా ఒకటి పెట్టింది. రామ్మోహనరావు గ్లాసు ఖాళీ చేసి తన కాగితాల్లోకి తల వంచుకున్నాడు.

"ఎక్కిందా?" అంది కొమురమ్మ.

"ఎక్కింది."

కొమురమ్మ చుట్టకుదురు తలమీద పెట్టుకుని, పుల్లయ్య పక్కనుంచి తప్పుకోమని కూడా అనకుండా నడుచుకుంటూ వెళ్ళి ర్యాంపు దిగింది. పుల్లయ్య తలగుడ్డ మళ్ళీ చుట్టుకుని, ఆమె వెనకే వెళ్ళిపోయాడు.

సెలీనా స్క్రీను వైపు చూసింది. మొత్తం గడిలో డెబ్బయ్యొక్కటి అని ఉంది. పని మొదలైనప్పటి నుంచి ఆ గడిలో బేసి అంకె రావడం అదే మొదటిసారి. ఆ అంకెను చూస్తుంటే ఆమెకు ఒళ్ళంతా గర్వంగా అనిపించింది.